తెలిసియు మానలేనివారు

మన ఇండ్లలో ‘చాదస్తము’ అను మాటను చాల తేలికగా వాడుచుందుము. పలుమారులు చేతులు కడుగువారిని, వేసిన తాళమును మరల మరల లాగి చూచువారిని ఆ ఒక్క మాటతో తీసివేయుదుము. కాని ఆ మాట చాటున ఒక్కొక్కప్పుడు ఒక వ్యాధి దాగియుండును. వైద్యులు దానిని అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్, క్లుప్తముగా ఓ.సి.డి. అందురు. ఆచారమునకు ఒక హద్దు కలదు. విధి ముగియగనే మనస్సు తృప్తిపడును. ఈ వ్యాధిలో ఎంత చేసినను ఆ తృప్తి నిలువదు.

ఇబ్రహీంపట్నం, కోరుట్ల ప్రాంతములలో బీడీలు చుట్టుట అనేక కుటుంబములకు జీవనాధారము. అట్టి ఇంట ఒక గృహిణిని ఊహించుకొనుడు. కట్టలు లెక్కించినది, లెక్క సరిపోయినది. అయినను ‘ఒకటి తక్కువైనచో?’ అను శంక పొడమును. కట్టలు విప్పి మరల లెక్కించును. పదవమారును అంతియే. ‘సరిపోయినదని నీకు తెలియదా?’ అని అత్తగారు గద్దింతురు. తెలియును, ఆమె బాధయంతయు అదియే. బుద్ధి చాలుననుచుండగా భయము చాలదనుచుండును.

ఈ ఎరుక అందరియందు ఒకే తీరున ఉండదు. 2013లో అమెరికా మనోవైద్యుల సంఘము ప్రకటించిన వర్గీకరణ గ్రంథము దీనిని మూడు మెట్లుగా చెప్పినది. కొందరికి తమ భయము నిజము కాదనియో, కాకపోవచ్చుననియో తెలియును. కొందరికి బహుశః నిజమేయని తోచును. కొందరు పూర్తిగా నమ్ముదురు. ప్రశాంతముగా ఉన్నప్పుడు స్పష్టముగానున్న ఎరుక భయము పెరిగినప్పుడు మసకబారుటయు కలదు.

తన చేష్ట ఇతరులకెట్లు కనబడునో ఎరిగిన రోగి సిగ్గుపడి సంవత్సరముల తరబడి దానిని దాచును. పసిబిడ్డకు హాని చేయుదునేమో, గుడిలో అపచారమాడుదునేమో అను తలంపులు వచ్చినవారు మరింత దాచుదురు. కాని 2014లో ప్రచురింపబడిన ఒక పరిశోధనలో 13 దేశముల విద్యార్థులు 777 మందిని ప్రశ్నింపగా, అంతకుముందు 3 నెలలలో పిలువని తలంపు ఒక్కటియైనను వచ్చినదని నూటికి 94 మంది చెప్పిరి. తలంపు వచ్చుట దోషము కాదు. దానిని తన స్వభావమునకు సాక్ష్యముగా ఎంచి భయపడుటయే చిక్కు.

ఇంటివారు చేయు పొరపాట్లు రెండు. పరిహసించుట ఒకటి, అడిగినప్పుడెల్ల ‘సరిగనే ఉన్నది’ అని హామీ ఇచ్చుట రెండవది. హామీ క్షణకాలము ఊరటనిచ్చి శంకను మరింత పెంచును. ‘నీ భయము నాకు అర్థమైనది, కాని మరల లెక్కించినచో అది తగ్గదు’ అని మృదువుగా చెప్పవలెను. హామీలను ఒక్కసారిగా గాక, రోగితోను వైద్యునితోను సంప్రదించి క్రమముగా తగ్గింపవలెను.

భయమును ఎదుర్కొనుచు, దాని వెంట వచ్చు చేష్టను ఆపుకొను చికిత్సకు 1966లో లండనులో విక్టర్ మేయర్ దారి చూపెను. నేడు దానితోపాటు మందులును కలవు. 2022లో ప్రారంభమైన ప్రభుత్వ టెలీమానస్ సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే మాటాడవచ్చును. ‘మానుము’ అని ఆజ్ఞాపించుటకు ముందు, మానవలెనని ఆమె మనకంటె ఎక్కువగా కోరుచున్నదని గ్రహింతము.