నీరు పొర్లే అంచుకు ఏ రాయి?

పెద్ద హోటళ్ళలో ఈతకొలనును ఆనుకొని, కొంచెం ఎత్తుగా, ఒక చిన్న వేడినీటి తొట్టి కట్టడం ఈ రోజుల్లో మామూలైంది. దానిని స్పా అంటారు. అందులోని నీరు 38 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉంటుంది. తొట్టి నిండి, ఒక రాతి అంచు మీదుగా పలుచని తెరలాగా కింది కొలనులోకి జారుతుంది. మన చెరువులు నిండినప్పుడు అలుగు పారడం, తెలంగాణలోనైతే మత్తడి దుంకడం మీరు చూసే ఉంటారు. ఇదీ అటువంటిదే. కాకపోతే చెరువు ఏడాదిలో కొన్నాళ్ళే అలుగు పారుతుంది, ఈ తొట్టి రోజూ పారుతుంది.

ఆ అంచురాయి కొన్నిచోట్ల రెండు మూడేళ్ళకే పెచ్చులుగా ఊడిపోతుంది. నీరు ఒరుసుకొని రాయి అరిగిందని చాలామంది అనుకుంటారు. ఇసుక కలవని పలుచని నీటితెరకు రెండేళ్ళలో రాయిని అరగదీసే శక్తి ఎక్కడిది? అసలు కారణం రసాయనశాస్త్రంలో ఉంది.

ఈతకొలను నీటిలో క్రిములు చావడానికి క్లోరిన్ కలుపుతారు. అది బాగా పనిచేయాలంటే నీటి పి.హెచ్. 7.2 నుంచి 7.8 లోపు ఉండాలి. పి.హెచ్. పెరిగిపోతే తగ్గించడానికి హైడ్రోక్లోరికామ్లం పోస్తారు. ఇప్పుడు మన బండల సంగతి చూడండి. కడప, బేతంచెర్ల, తాండూరు, షాబాదు బండలన్నీ సున్నపురాళ్ళే. చలువరాయి కూడా భూగర్భంలో వేడికీ ఒత్తిడికీ రూపం మారిన సున్నపురాయే. వీటన్నిటిలో ముఖ్య పదార్థం కాల్షియం కార్బొనేట్. దానికి ఆమ్లం తగిలితే బొగ్గుపులుసు వాయువు బుడగలుగా పోతుంది, రాయి కరిగిపోతుంది. మీరే పరీక్షించవచ్చు. రాయిని మేకుతో గీకి, రాలిన పొడి మీద నాలుగు చుక్కలు నిమ్మరసం వేయండి. బుసబుస పొంగితే అది సున్నపురాయి. ఇంట్లో పాలిష్ చేసిన గచ్చు మీద మాత్రం ఈ ప్రయోగం వద్దు. మచ్చ పడుతుంది, అమ్మ ఊరుకోదు.

ఇందులో ఒక తమాషా ఉంది. వేడినీరు అంచు మీదుగా దూకేటప్పుడు అందులో కరిగి ఉన్న బొగ్గుపులుసు వాయువు గాలిలోకి పోతుంది. అప్పుడు పి.హెచ్. పెరిగి, నీటిలోని కాల్షియం తెల్లని పెచ్చుగా అంచుకు అంటుకుంటుంది. నీళ్ళు కాచే గిన్నె అడుగున పేరుకొనేది కూడా అదే. ఈ తెలుపును వదిలించడానికి పనివాళ్ళు ఆమ్లంతో తోముతారు. పెచ్చు ఏ పదార్థమో సున్నపురాయీ అదే పదార్థం. ఆమ్లానికి ఆ రెంటికీ తేడా తెలియదు కదా!

ఉప్పు చేసే హాని మరో రకం. కొన్ని కొలనులలో ఉప్పునీటినుంచే క్లోరిన్ తయారు చేసుకుంటారు. అక్కడ లీటరు నీటిలో 3 నుంచి 4 గ్రాముల ఉప్పు ఉంటుంది. సముద్రంలో ఉండే 35 గ్రాములతో పోల్చితే ఇది కొంచెమే. కాని రాతి సూక్ష్మరంధ్రాలలోకి దిగిన నీరు ఆరినప్పుడల్లా లోపల ఉప్పు స్ఫటికాలు పెరిగి రంధ్రాల గోడలను నెడతాయి. చౌడెక్కిన గోడకు సున్నం పొట్టుగా రాలేది ఇందువల్లనే. అందుకే ఎప్పుడూ తడిసి ఉండే నడిమి భాగం బాగానే ఉండి, తడిసి ఆరే పక్కలూ అడుగుభాగమూ ముందు పాడవుతాయి.

కాబట్టి నీటిని తక్కువగా పీల్చే రాయి కావాలి. ఎండలో బాగా ఆరిన రాతిముక్కను తూచండి. 24 గంటలు నీటిలో నానబెట్టి, పైతడి తుడిచి మళ్ళీ తూచండి. 500 గ్రాముల ముక్క 502 గ్రాములైతే అది పీల్చినది 0.4 శాతం. మంచి గ్రానైటు అర శాతం లోపే పీలుస్తుంది. 525 అయితే 5 శాతం. కొన్ని ఇసుకరాళ్ళు అంత పీలుస్తాయి.

రాయిలో పొరలున్నాయా అన్నదీ చూడాలి. అవక్షేప శిలలు పుస్తకంలో పేజీల మాదిరి పొరలుగా ఏర్పడతాయి. అంచు దగ్గర ఆ పేజీల చివరలు నీటికి ఎదురుగా ఉంటాయి. గ్రానైటు భూమి లోపల కరిగిన శిలాద్రవం మెల్లగా చల్లారి గట్టిపడినది, దానికి ఈ పేజీలు లేవు. నేనైతే గ్రానైటునే ఎన్నుకుంటాను, అందులోనూ బూడిదరంగుది. నల్లరాయి మీద తెల్లమచ్చ కొట్టొచ్చినట్టు కనబడుతుంది, పైగా ఎండకు కాళ్ళు కాలతాయి. మనుషులు కాలు మోపే చోట అద్దంలాంటి పాలిష్ పనికిరాదు, జారుతుంది. మంటతో గరుకు చేసిన రాయి దొరుకుతుంది. మంట తగిలినప్పుడు పైనున్న స్ఫటికాలు హఠాత్తుగా వ్యాకోచించి చిట్లి ఎగిరిపోతాయి, అదే ఆ గరుకుదనం.

రాయి మంచిదైనంత మాత్రాన చాలదు, బిగించడం తెలియాలి. అంచు మట్టం సరిగా లేక ఒక కొస దగ్గర నీరు 4 మిల్లీమీటర్ల మందం, రెండో కొస దగ్గర 1 మిల్లీమీటరు మందం ఉందనుకోండి. మొదటి చోట నాలుగు రెట్లు ఎక్కువ పారుతుందని మీరు జవాబు చెబుతారు. కాదు, సుమారు ఎనిమిది రెట్లు! మందం పెరిగితే నీటి వేగమూ పెరుగుతుంది మరి.

ఇక గ్లాసుతో నీళ్ళు మెల్లగా ఒంపి చూడండి. ధారగా పడకుండా గ్లాసు వెలుపలి గోడను అంటుకొని జారతాయి. నీటికి తడి అంచును అంటిపెట్టుకొనే గుణం ఉంది. అంచురాయి అడుగున ఇలాగే వెనక్కి పాకిన నీరు గోడలోకి దిగుతుంది. కిటికీ పైనుండే సన్‌షేడ్ అడుగున ఒక సన్నని గాడి ఉంటుంది, గమనించారా? అటువంటి గాడి ఇక్కడా కొట్టాలి. అక్కడ నీరు తెగి కిందపడుతుంది.

మరమ్మతు చేసేవారు ముందుగా రాయిని నాణెంతో తట్టి వింటారు. డొల్లశబ్దం వస్తే కింద సిమెంటు పట్టు వదిలిందన్నమాట. సిమెంటును ముద్దలు ముద్దలుగా పెడితే మధ్య ఖాళీలలో నీరు నిలుస్తుంది. రాయి అడుగంతా ఆనేటట్లు పరచాలి. నీటిని ఆపేది రాయి కాదు, దాని కింద పూసే నీరు చొరని పూత. ఆ పూత చిరిగి ఉండగా రాయికి పైపైన రసాయనం పూస్తే మేలుకన్నా కీడే ఎక్కువ. వెనకనుంచి వచ్చే నీటిలోని ఉప్పు పైపూత వెనకనే పేరుకొని పెచ్చును మొత్తంగా లేపుతుంది. గ్రానైటు ఒక మీటరు పొడవుకు 20 డిగ్రీల వేడికి సుమారు 0.16 మిల్లీమీటరు సాగుతుంది. అది వెంట్రుకంతే అయినా, చోటు లేకపోతే అతుకు పగులుతుంది. అందుకని కొసల దగ్గర సాగే గుణమున్న సిలికోన్ నింపుతారు.

తొట్టి నిజంగా కారుతున్నదా, లేక నీరు ఆవిరై తగ్గుతున్నదా? హీటరు, పంపు ఆపి తొట్టిని అంచు వరకు నింపండి. నీరు పోసిన బకెట్టును తొట్టి లోపలి మెట్టు మీద పెట్టి, రెండింటి మట్టాలు గుర్తు పెట్టండి. 24 గంటల తరువాత బకెట్టులో 6 మిల్లీమీటర్లు, తొట్టిలో 15 మిల్లీమీటర్లు తగ్గితే, తేడా 9 మిల్లీమీటర్లు కారిపోయినట్లు. అలాగే వదిలేస్తే, మట్టం తగ్గడం ఎక్కడ ఆగుతుందో ఇంచుమించు ఆ ఎత్తులోనే చిల్లు ఉంటుంది. ఈ పరీక్షను రాయి పీకకముందు ఒకసారి, కొత్తది బిగించి ఆరాక మరొకసారి చేయాలి.