కోనసీమలో నీటి ఇంజనీరు పని

సివిల్ ఇంజనీరింగు అనగానే చాలామందికి మేడలు, వంతెనలు, రోడ్లు స్ఫురిస్తాయి. ఆ శాస్త్రంలోనే నీటివనరుల ఇంజనీరింగు అనే పెద్ద శాఖ ఒకటి ఉన్నది. వాననీరు, ఏటినీరు, భూగర్భజలం ఎంత ఉన్నవో లెక్కకట్టడం, వాటిని నిలవచేయడం, పొలాలకూ ఊళ్లకూ పంచడం, మిగిలినదాన్ని హాని లేకుండా పంపివేయడం ఈ శాఖ పని.

కోనసీమ విద్యార్థి ఈ చదువు చదువుతానంటే పెద్దలకు ఒక సందేహం కలగడం సహజమే. చుట్టూ గోదావరి పాయలు, దక్షిణాన సముద్రం, ఊరూరా కాలువ. ఇంత నీరున్నచోట నీటిని గురించి నేర్చుకోవలసినదేమున్నది? నిజానికి నీరు లేనిచోటికి నీరు తేవడం ఎంత కష్టమో, నీరు ఎక్కువైనచోట దానిని బయటికి పంపడం అంత కష్టం. ఉప్పునీటిని లోపలికి రానీయకుండా ఆపడం మరీ కష్టం. ఈ మూడు పనులూ కోనసీమలో పక్కపక్కనే కనిపిస్తాయి.

కిలోమీటరుకు జానెడు

గోదావరి ధవళేశ్వరం దగ్గర రెండు పెద్ద పాయలుగా చీలుతుంది. తూర్పు పాయ గౌతమి, పడమటి పాయ వసిష్ఠ. వసిష్ఠ నుంచి వైనతేయం అనే మరో పాయ చీలి సముద్రంలో కలుస్తుంది. గౌతమికీ వసిష్ఠకూ మధ్యనున్న నేలే కోనసీమ. ఇంజనీర్లు దీనిని మధ్యడెల్టా అంటారు.

ఈ నేలంతా గోదావరి తెచ్చిన ఒండ్రుతో ఏర్పడినదే. వరద గట్టు పొర్లినప్పుడు నీటి వేగం తగ్గి, బరువైన ఇసుక, మట్టి ముందుగా ఏటి ఒడ్డునే పడిపోతాయి. సన్నని బంకమన్ను దూరంగా పోయి చేరుతుంది. అందువల్ల డెల్టాలో ఏటి ఒడ్డు మిట్టగానూ, ఏటికి దూరమైన నేల పల్లంగానూ ఉంటుంది. పంటకాలువలను మిట్టమీదా, మురుగుకాలువలను పల్లంలోనూ తవ్వడానికి కారణం ఇదే.

ఇక వాలు సంగతి చూద్దాం. ధవళేశ్వరం బ్యారేజి వెనుక నిలిచే నీటిమట్టం సముద్రమట్టానికి 13 మీటర్లకు కొంచెం పైన ఉంటుంది. అక్కడినుంచి సముద్రం 60, 70 కిలోమీటర్ల దూరం. భాగిస్తే కిలోమీటరుకు సుమారు 20 సెంటీమీటర్లు వస్తుంది. అంటే కిలోమీటరు నడిస్తే నేల దిగేది ఒక జానెడు మాత్రమే! అమలాపురం సముద్రమట్టానికి సుమారు 3 మీటర్ల ఎత్తున మాత్రమే ఉన్నది. కోనసీమ నీటి సమస్యలన్నిటికీ మూలం ఈ జానెడు వాలే.

కొత్తపేట వైపు: నీరు పంచడం

సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఈ నిర్మాణంలో తెలుగువాడైన వీణం వీరన్న ఆయనకు కుడిభుజంగా నిలిచాడు. పాత ఆనకట్ట స్థానంలో 1970 తరువాత కట్టిన బ్యారేజికి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాల్లో మొత్తం 175 గేట్లు ఉన్నవి. దీనికింద మూడు డెల్టాలలో కలిపి సుమారు 10 లక్షల ఎకరాలు సాగవుతున్నది. అందులో మధ్యడెల్టా వాటా సుమారు 2 లక్షల ఎకరాలు.

బొబ్బర్లంక దగ్గర బయలుదేరిన మధ్యడెల్టా ప్రధాన కాలువ కొత్తపేట ప్రాంతంలోని లొల్ల లాకుల దగ్గర శాఖలుగా విడిపోతుంది. నీటిని ఏ శాఖకు ఎంత వదలాలి, చివరి చేనుకు చేరేసరికి ఎంత మిగులుతుంది, దారిలో ఎంత ఇంకిపోతుంది అన్నవి లెక్కవేయకుండా లాకు తలుపు ఎత్తడానికి వీలులేదు. మొదటి రైతు ఎక్కువ వాడుకుంటే చివరి రైతు చేను ఎండుతుంది. కాబట్టి నీటిపంపకంలో గణితమూ ఉన్నది, న్యాయమూ ఉన్నది.

వైనతేయానికి అవతల ఉన్న నగరం దీవికి నీరు ఎలా చేరింది? ఏటిమీదుగా కాలువనే వంతెనపై నడిపించారు. 1850ల ఆరంభంలో హేగ్ అనే ఇంజనీరు గన్నవరం వద్ద కట్టిన ఈ అక్విడక్టుకు 49 కమానులు, ఒక్కొక్కటి 40 అడుగుల వెడల్పు. కింద ఏరు, పైన కాలువ! దాని పని చేయడానికి కట్టిన కొత్త అక్విడక్టు 2000లో వాడకంలోకి వచ్చింది. అన్నదాత్రిగా పేరుపొందిన డొక్కా సీతమ్మగారి పేరు దానికి పెట్టారు.

అమలాపురం వైపు: నీరు పంపడం

నీరు తెచ్చిన తరువాత అసలు చిక్కు మొదలవుతుంది. ఒక చిన్న లెక్క చేద్దాం. ఒక మురుగుకాలువ కింద 50 చదరపు కిలోమీటర్ల పల్లపునేల ఉన్నదనుకొందాం. తుపానులో 10 సెంటీమీటర్ల వాన కురిసింది. ఒక చదరపు కిలోమీటరుపై పడిన నీరు లక్ష ఘనమీటర్లు. మొత్తం 50 లక్షల ఘనమీటర్లు. ఇంకిపోయేది స్వల్పమని వదిలివేద్దాం.

వరిచేను నీట మునిగి ఎక్కువ రోజులు ఉంటే కుళ్లిపోతుంది. కనుక ఈ నీటిని మూడు రోజుల్లో తీసివేయవలెననుకొంటే సెకనుకు సుమారు 19 ఘనమీటర్లు, అంటే దాదాపు 680 క్యూసెక్కులు పోవాలి. (సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే సుమారు 28 లీటర్లు పారితే దానిని ఒక క్యూసెక్కు అంటారు.)

కాలువలో నీరు ఎంత వేగంతో పోతుంది? దీనికి ఐర్లండు దేశపు ఇంజనీరు రాబర్ట్ మానింగ్ 1889లో ప్రతిపాదించిన సూత్రాన్ని ఇప్పటికీ ప్రపంచమంతటా వాడుతున్నారు. వేగం మూడు సంగతులపై ఆధారపడుతుంది: కాలువ వాలు, దాని లోతు ఆకారాలు, అడుగు ఒడ్డుల గరుకుదనం. కిలోమీటరుకు 10 సెంటీమీటర్ల వాలు, మీటరున్నర జలవ్యాసార్ధం ఉన్న శుభ్రమైన మట్టికాలువలో నీటి వేగం సెకనుకు సుమారు 44 సెంటీమీటర్లు. (కాలువ అడ్డుకోత వైశాల్యాన్ని, అందులో నీరు తగిలే అడుగు ఒడ్డుల పొడవుతో భాగిస్తే వచ్చేది జలవ్యాసార్ధం.) ఈ వేగంతో 19 ఘనమీటర్లు పోవాలంటే కాలువ అడ్డుకోత 44 చదరపు మీటర్లు ఉండాలి.

ఆ కాలువలోనే గుర్రపుడెక్క పెరిగి, తూడు అల్లుకొన్నదనుకొందాం. గరుకుదనం రెట్టింపైతే వేగం సగమవుతుంది. మూడు రోజుల్లో పోవలసిన నీరు ఆరు రోజులు నిలుస్తుంది. గుర్రపుడెక్క తీయించడం చిల్లరపని అనుకొనేవారు ఈ లెక్కను గమనించవలెను.

ఇంతటితో కాలేదు. మురుగుకాలువ చివర సముద్రమో, ఏటిపాయో ఉంటుంది. అక్కడ రోజుకు రెండుసార్లు పోటు వస్తుంది. పెద్ద పోటునాడు ఈ తీరంలో నీరు ఒక మీటరుకు పైగా లేస్తుంది. కిలోమీటరుకు జానెడు వాలున్నచోట మీటరు పోటు అంటే ఐదు కిలోమీటర్ల వాలు మాయమైనట్లే. పోటు సమయంలో మురుగు కదలదు. రోజులో సగంసేపే నీరు పోతుందనుకొంటే కాలువను రెట్టింపు చేయవలసి ఉంటుంది. అదే సమయంలో గోదావరికి వరద వస్తే పాయలలోకి పోయే మురుగు రోజుల తరబడి ఆగిపోతుంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద సుమారు 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. 2022 జూలైలో 25 లక్షలు దాటింది.

మురుగు పోకపోవడం రైతుకు ఎంత నష్టమో 2011లో దేశమంతటికీ తెలిసింది. ఆ ఏడు సార్వాలో కోనసీమ రైతులు వేలాది ఎకరాలను నాటకుండా వదలి పంటవిరామం ప్రకటించారు. దానికి గిట్టుబాటు ధర, కూలీ ఖర్చు వంటి కారణాలతోపాటు ముంపు బాధ కూడా ఒక కారణం. ప్రభుత్వం మోహన్ కందా అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించి విచారణ జరిపించింది. అన్నం పెట్టే నేల నీరు ఉండీ బీడుపడింది.

రాజోలు వైపు: ఉప్పును ఆపడం

సముద్రానికి దగ్గరైన రాజోలు ప్రాంతంలో మరో చిక్కు ఉన్నది. మురుగునీరు బయటికి పోయే దారినే పోటునీరు లోపలికి వస్తుంది. శంకరగుప్తం మురుగుకాలువ వెంట ఉప్పునీరు ఎక్కి కొబ్బరితోటలు మోడువారిన సంగతి 2025లో రాష్ట్రమంతటా చర్చకు వచ్చింది. కొబ్బరిచెట్టు కొంత ఉప్పును ఓర్చుకొంటుంది గాని, వేళ్ల దగ్గర ఉప్పునీరు నిలిచిపోతే వేళ్లకు గాలి ఆడక క్రమంగా చనిపోతుంది.

దీనికి ఇంజనీర్లు వాడే ఉపాయం సముద్రం వైపు మాత్రమే తెరుచుకొనే తలుపున్న తూము. పాటు సమయంలో లోపలి నీరు ఎత్తుగా ఉండి తలుపును బయటికి నెట్టుకొని పోతుంది. పోటు వచ్చినప్పుడు సముద్రపు నీరే తలుపును నొక్కి మూసివేస్తుంది. మనిషి అవసరం లేదు. అయితే తలుపు తుప్పుపట్టినా, చెత్త ఇరుక్కొన్నా, సముద్రపు టలలు ఇసుక పోసి మొగను పూడ్చివేసినా ఈ ఉపాయం పనిచేయదు. కట్టడంతోపాటు మరమ్మతు కూడా ఇంజనీరింగులో భాగమే.

కంటికి కనబడని మరొక దారి భూమిలోపల ఉన్నది. సముద్రపు నీరు మంచినీటికంటె సుమారు నూటికి రెండున్నర వంతులు బరువు. అందువల్ల తీరభూముల్లో మంచినీరు ఉప్పునీటిపై తేలుతూ ఉంటుంది. 40 మీటర్ల ఉప్పునీటి స్తంభాన్ని తూచడానికి 41 మీటర్ల మంచినీటి స్తంభం కావాలి. అంటే భూగర్భజల మట్టం సముద్రంకంటె ఒక మీటరు ఎత్తున ఉంటే, దానికింద సుమారు 40 మీటర్ల లోతువరకు మంచినీరు ఉండగలదు. ఈ సంగతిని డచ్చి ఇంజనీరు బాడన్ గైబెన్, జర్మను ఇంజనీరు హెర్జ్‌బర్గ్ వేరువేరుగా కనుగొన్నారు.

ఈ లెక్కను తిరగవేస్తే ప్రమాదం తెలుస్తుంది. బోర్లతో తోడి నీటిమట్టాన్ని అరమీటరు దించితే, కాలక్రమంలో కిందినుంచి ఉప్పునీరు 20 మీటర్లు పైకి వస్తుంది. పొలాల మధ్య ఉప్పునీటి రొయ్యల చెరువులు తవ్వితే పైనుంచి కూడా ఉప్పు దిగుతుంది. ఒకవైపు ఎగువ జలాశయాలలో ఒండ్రు ఆగిపోయి డెల్టాకు కొత్త మట్టి తగ్గుతున్నది. మరొకవైపు భూమి వేడెక్కుతున్నందువల్ల సముద్రమట్టం పెరుగుతున్నది. జానెడు వాలున్న నేలకు ఇవి చిన్న సంగతులు కావు.

ఈ చదువు ఎక్కడ, ఎలా?

ఇంటర్మీడియటులో గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం చదివి ప్రవేశపరీక్ష రాసినవారు నాలుగేండ్ల బి.టెక్.లో సివిల్ శాఖ తీసుకోవచ్చును. పదవ తరగతి తరువాత పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదివి, ఇంజనీరింగు రెండవ సంవత్సరంలో చేరే దారి కూడా ఉన్నది. ద్రవగతిశాస్త్రం, జలవిజ్ఞానం, నేల యాంత్రికశాస్త్రం, సర్వే, నీటిపారుదల ఇందులో ముఖ్య పాఠాలు. పైన మనం చేసిన లెక్కలన్నీ వీటిలోనివే.

ప్రత్యేకించి నీటివనరులు చదవదలచినవారు గేట్ పరీక్ష రాసి ఎం.టెక్.లో చేరవచ్చును. కోనసీమకు దగ్గరలో కాకినాడ ఇంజనీరింగు కళాశాల ఉన్నది. 1946లో మొదలైన ఆ కళాశాల ఇప్పుడు జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయంలో భాగం. 1959లో ఏర్పడిన వరంగల్ కళాశాల నేడు జాతీయ సాంకేతిక సంస్థ. అక్కడ నీటివనరుల ఇంజనీరింగు ప్రత్యేక శాఖగా చెబుతారు. రూర్కీలో ఇందుకోసమే 1955లో ఒక శిక్షణకేంద్రం వెలసింది. దేశవిదేశాల ఇంజనీర్లు అక్కడికి వచ్చి చదువుతారు. నేలలో సుమారు నాలుగోవంతు సముద్రమట్టంకంటె దిగువనున్న నెదర్లాండ్సు దేశం కూడా ఈ విద్యకు పేరుపొందినదే.

బడిలో చేయదగిన పరిశీలన

ఇంత చదువుకు ముందే హైస్కూలు విద్యార్థులు ఉపాధ్యాయుని వెంట ఉండి ఈ శాస్త్రాన్ని రుచిచూడవచ్చును. ఊరి మురుగుకాలువ గట్టున 20 మీటర్ల దూరం కొలిచి రెండు గుర్తులు పెట్టండి. వంతెనమీదనుంచి ఒక ఎండు కొబ్బరిపిందెను నీటిలో వేసి, మొదటి గుర్తునుంచి రెండవదానికి ఎన్ని సెకన్లలో చేరుతుందో చూడండి. 50 సెకన్లు పట్టితే పైనీటి వేగం సెకనుకు 40 సెంటీమీటర్లు. లోపలి నీరు కొంచెం నెమ్మది గనుక 0.85తో గుణిస్తే సగటు వేగం 34 సెంటీమీటర్లు వస్తుంది. కాలువ వెడల్పు 8 మీటర్లు, సగటు లోతు ఒక మీటరు అయితే సెకనుకు 2.7 ఘనమీటర్లు పారుతున్నదన్నమాట. లోతును గట్టునుంచిగాని వంతెనపైనుంచిగాని బరువుకట్టిన తాడుతోనే కొలవవలెను. ఎవరూ నీటిలో దిగకూడదు.

ఇదే ప్రయోగాన్ని పోటు సమయంలోను, పాటు సమయంలోను, గుర్రపుడెక్క తీయకముందు, తీసిన తరువాత చేసి అంకెలు పోల్చండి. బావినీటిని, కాలువనీటిని, మురుగునీటిని పరీక్షనాళికల్లో తీసుకొని, ఒక్కొక్కదానిలో ఒక చుక్క సజల నత్రికామ్లం, తరువాత కొన్ని చుక్కల సిల్వర్ నైట్రేటు ద్రావణం వేయండి. తెల్లని అవక్షేపం ఎంత చిక్కగా వస్తే ఉప్పు అంత ఎక్కువ. నెలకొకసారి చేసి తేదీతో నోటుపుస్తకంలో రాసిపెడితే, మూడు నాలుగేండ్లకు ఆ ఊరి నీటిచరిత్ర తయారవుతుంది.

నీటి ఇంజనీరుకు అన్నిటికంటె ముందు కావలసినది ఇటువంటి అంకెలే. ఏ కాలువ ఎక్కడ ఆగుతున్నదో, ఏ బావి ఏ ఏటినుంచి ఉప్పబడిందో ఆ ఊరివారికి తెలిసినంతగా బయటివారికి తెలియదు. ఆ తెలివికి శాస్త్రం తోడుకావాలి. కొత్తపేట, అమలాపురం, రాజోలు పాఠశాలలనుంచి ఏటా కొందరైనా ఈ చదువుకు పోయి తిరిగివస్తే, జానెడు వాలున్న ఈ నేలమీద నీరు ఎటు పోవాలో చెప్పగలవారు కోనసీమలోనే ఉంటారు.