కథాకథనమునందు వాద్యముల పాత్ర

కథను చెప్పునది మాటయే యనియు, వాద్యము దానికి తోడు మాత్రమే యనియు సామాన్యముగా తలంతురు. ఈ యభిప్రాయమును పునఃపరిశీలింపవలసియున్నదని మా తలంపు. అందులకై మాట బొత్తిగా లేని పాశ్చాత్య వాద్యకథనమును ముందుగా చూచి, పిమ్మట కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతపు కథాసంప్రదాయములను పరిశీలింతుము.

చెల్లో నాలుగు తంత్రుల వాద్యము. కమానుతో లాగినంతసేపు దాని నాదము నిలుచును; వాదకుని వ్రేలు జారినకొలది వంగును. దాని స్థాయి పురుషకంఠమునకు చేరువ. పియానోయందు మెట్టును నొక్కగా లోపలి చిన్న సుత్తి తంత్రిని కొట్టును. ఆ ధ్వని పుట్టినది మొదలు క్షీణించుచునే యుండును. కాని ఒక్కమారే పెక్కు స్వరములను పలికింపవచ్చును. కావున నీ రెండును కలిసినపుడు చెల్లో ఒక పాత్రవలెను, పియానో ఆ పాత్ర చుట్టునున్న లోకమువలెను తోచుట కలదు. ఒక్కొక్కయెడ రెండును ఇరువురు మనుష్యులవలె సంభాషించును.

చెక్ స్వరకర్త లేయోష్ యానాచెక్ 1910లో రచించిన 'పోహాద్కా' ఇందులకు మంచి యుదాహరణము. ఆ పేరునకు అద్భుతకథ యని యర్థము. రష్యన్ కవి జుకోవ్‌స్కీ చెప్పిన బెరెండేయ్ రాజు కథ దీనికాధారము. మొదటిభాగమున పియానో పలుకగా చెల్లో తీగ మీటి బదులిచ్చును. రాజకుమారుడు ఎచటికేగెనో, శత్రువెవడో స్వరములు చెప్పజాలవు. ఎవరో పిలిచిరి, ఎవరో తడబడుచు పలికిరి అన్నంతవరకే శ్రోతకు తెలియును. జరిగినది చెప్పుట మాట పని. జరుగునపుడు మనసెట్లుండెనో తెలుపుట స్వరము పని. జనుల సంభాషణములోని స్వరగతులను యానాచెక్ వ్రాసికొనుచుండెడివాడు. పలుకుబడిలోనే పాట యున్నదని ఆయన గుర్తించెను.

ఇక మన ప్రాంతము. కామారెడ్డి జిల్లా 2016లో నిజామాబాదు జిల్లానుండి వేరుపడినది, ఎల్లారెడ్డి అందలిది. కావున నిచటి కళలను పాత జిల్లాతో కలిపి చూడవలెను. తెలంగాణమున మల్లన్న, బీరప్పల కథలను చెప్పు ఒగ్గుకథయందు ప్రధానకథకుడు రాజును, తల్లిని, బిడ్డను తానొక్కడే పలికించును. వినువారికి ఘట్టము మారినట్లు తెలుపునది డోలు దరువు. నిజామాబాదు సీమ చిందు యక్షగానమందు మద్దెల, తాళములతోపాటు హార్మోనియము కలదు. పియానోవలె నిదియు మెట్ల వాద్యమే. అయినను గాలి యాడునంతవరకు దీని స్వరము నిలుచును. జాంబపురాణమున జాంబవంతుని పాత్రచే ప్రసిద్ధురాలై 2005లో గతించిన చిందు ఎల్లమ్మ ఈ సీమవారే. ఇట్టి ప్రదర్శనమున మాట, గతి, దరువు మూడును కలిసి పాత్రను నిలుపును.

పై రెండు సంప్రదాయములకు భేదము స్పష్టము. అచట స్వరము మాటను విడిచినది. ఇచట మాటతో కూడియున్నది. కాని వాద్యము నిర్వహించు పని యొక్కటియే. అది కథలోని కాలమును, మనఃస్థితిని శ్రోతకు అందించును.

బిరుదురాజు రామరాజుగారి 'తెలుగు జానపద గేయ సాహిత్యము' 1958లో వెలువడినది మొదలు జానపదకథలను సేకరించుట మన శాఖలకు కర్తవ్యమైనది. ఆ సేకరణమున పదములను మాత్రమే వ్రాసికొన్నచో దరువు మారిన చోటు, కథకుడు ఆగిన చోటు, వంతవాడు అందుకొన్న చోటు నశించును. వృద్ధకథకులు గతించిన పిదప వానిని తిరిగి పొందు మార్గము లేదు. కావున పాఠముతోపాటు ధ్వనిని భద్రపరచి, వాద్యగతిని పాఠము ప్రక్కనే గుర్తించుట పరిశోధకుల విధియని మేము భావించుచున్నాము.