చక్రముల మెరుగు – దాని సంరక్షణము

క్రిందటి దసరాకు రెండు దినములు ముందు మా విద్యార్థి యొకడు చిన్నవోయిన మొగముతో మా యొద్దకు వచ్చెను. ఆయుధపూజకై తండ్రిగారి మోటారు సైకిలును శుభ్రపరచుచు, నూలు రంగునకై యింట నుంచిన కాస్టిక్ సోడా నీటితో చక్రములను తోమెనట. చాదరు మూటలను బజారునకు చేర్చునది ఆ బండియే. "చింతపండుతో తోమిన ఇత్తడి బిందె మెరసినది గదా మాస్టారూ, సోడాతో తోమిన చక్ర మేల నల్లబడినది?" అని యడిగెను. మన దాజీ పేట్‌లో మగ్గమును, మోటారు బండియు నొకే వాకిట నుండు ఇండ్లు గలవు. కనుక దీని సమాధానము తల్లిదండ్రులకును తెలియుట మంచిదని తలచితిమి.

ఈ చక్రములు ఇనుపవి కావు. అల్యూమినియములో నూటికి సుమారు 7 పాళ్లు సిలికాన్, స్వల్పముగా మెగ్నీషియము కలిపి పోతపోసినవి. కార్ల చక్రములును సామాన్యముగ నిట్టివే. ఇట్టి మిశ్రలోహమునే అల్లాయ్ అందురు. అల్యూమినియము ఒకప్పుడు మిక్కిలి వెలగల లోహము. 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్సులో హెరూ అను యువకులు విద్యుచ్ఛక్తితో దానిని తీయు విధమును వేర్వేరుగ కనుగొనుటచే చౌకయైనది.

గాలి తగిలినంతనే ఈ లోహముపై కంటికి కానరాని ఆక్సైడు పొర యేర్పడును. దాని మందము మిల్లీమీటరులో లక్షవ వంతైనను ఉండదు. పడుగు నూలునకు గంజి యెట్లో చక్రమున కీ పొర యట్లు: పలుచనిదే యైనను కాపాడునది అదియే.

ఇత్తడిపై పట్టిన నలుపు వట్టి మైలపొర. చింతపండు పులుపు దానిని కరగింపగా క్రింది లోహము మెరయును. అల్యూమినియముపై నున్నది కాపుదల పొర. దానిని ఆమ్లమును కరగించును, క్షారమును కరగించును. కాస్టిక్ సోడా అంతటితో నాగక లోహమునే తినివేయుచు హైడ్రోజను వాయువును వెలువరించును. కరగక మిగిలిన సిలికాన్ మున్నగునవి మసివలె పైన నిలుచును. మా విద్యార్థి చూచిన నలుపు అదియే. ఆ నీరు కంట బడిన చూపునకే మోసము. కావున కాస్టిక్ సోడా, బట్టల సోడా, మరుగుదొడ్డి యాసిడ్ వీనిలో నేదియు చక్రములకు తగదు.

ఇక చేయదగిన విధము. చక్రము చల్లారిన పిమ్మట నీడలో నుంచి, మొదట వట్టి నీటితో దుమ్మును, బ్రేకుల నుండి రాలిన రజనును పోగొట్టవలెను. పిదప తేలికపాటి సబ్బునీటితో కడిగి, మన ఊరి మెత్తని తువాలుతో తడి యార్పవలెను.

అటుపై, కానరాని మూలను కొంచెము పాలిష్ పెట్టి గుడ్డతో రుద్ది చూడవలెను. గుడ్డ నల్లనైనచో అది పూతలేని లోహము. నల్లబడనిచో పైన పారదర్శకమైన పూత గలదని యెరుంగునది. పూత గలదానిని గరుకువానితో రుద్దరాదు, మైనము చాలును. పూత పెచ్చులూడిన పనివాని కప్పగించుట మేలు.

పూతలేని చక్రమున గీతలున్నచో 800, 1200, 2000 అంకెల గరుకుకాగితములను వరుసగా నీటితో తడుపుచు తేలికగా రుద్దవలెను. ముందు కాగితపు గీతలు పూర్తిగా మాయక రెండవది పట్టరాదు. పిదప పాలిష్‌తో మెరుగు పెట్టి, శుభ్రముగ తుడిచి, మైనము పలుచగా పూయవలెను. మెరుగు మందగించునపు డెల్ల మైనము మరల పూయవలసినదే.

మూడు హెచ్చరికలు. ఇంజను నడుచుచుండగా తిరుగు చక్రమునకు గుడ్డ పట్టరాదు. గుడ్డతోపాటు వ్రేళ్లును గొలుసులోనికి పోవును. బ్రేకు పళ్లెముపై మైనముగాని పాలిష్‌గాని తగులరాదు. తగిలినచో బ్రేకు పట్టదు. చక్రమున పగులు కనబడినచో మెరుగు మాట విడిచి, బండి నడుపుట మాని, నిపుణునికి చూపవలెను.

మా విద్యార్థి రెండు సాయంకాలములు శ్రమించెను. మెరుపు చాలవరకు వచ్చినది. సోడా లోతుగా తిన్నచోట మచ్చలు నిలిచినవి. తండ్రిగారు కోపింపక, ఆ యేడు ఆ చక్రములకే బొట్టు పెట్టిరి. విద్యార్థులారా! ఏ వస్తువును తోమబోయినను, దేనితో తోముదు మనుటకు ముందు, అది యే లోహమని యడుగుడు.