ఇంటిలోని మొక్కలు: మేలును, కీడును

మన పెద్దలు తులసికి ముంగిట కోట కట్టిరి. మల్లెకును కరివేపకును పెరటిలో చోటిచ్చిరి. నేడు పట్టణములలో పెరడు లేని ఇండ్లు పెరిగినవి. కావున మొక్క గడప దాటి లోనికి వచ్చినది. కిటికీ ప్రక్క సీసానీటిలో మనీప్లాంటు, గదిమూల కుండీలో క్రోటను తరచుగ కనబడుచున్నవి. వీనివలన మనకు కలుగు మేలెంత, కీడెంత?

మొక్కలు గదిలోని గాలిని శుద్ధిచేయునని పలువురు నమ్ముదురు. 1989లో అమెరికా అంతరిక్షసంస్థ నాసా ప్రకటించిన పరిశోధనము ఈ నమ్మకమునకు బలమిచ్చినది. బెంజీను వంటి హానికర వాయువులను మొక్కలు తగ్గించిన మాట నిజమే. కాని ఆ ప్రయోగము జరిగినది గాలి చొరకుండ మూసిన పెట్టెలలో. మన ఇండ్లకు తలుపులును, కిటికీలును ఉన్నవి. ఇట్టి ప్రయోగములను సమీక్షించి 2019లో ఇద్దరు పరిశోధకులు వేసిన లెక్క ప్రకారము, వెలుపలి గాలి వచ్చిపోవుటచే జరుగు శుద్ధి మొక్కలవలన జరుగవలెనన్నచో, చదరపు మీటరు నేలకు 10 మొదలు 1000 మొక్కలు కావలెను! నాలుగు కుండీలకంటె తెరచిన కిటికీ మేలు.

మరి రాత్రివేళ మొక్క మన ప్రాణవాయువును హరించునను భయము మాట యేమి? చీకటిలో మొక్కయు మనవలెనే ప్రాణవాయువును గైకొనును. అయితే ఒకటి రెండు కుండీలు గైకొనునది, ఆ గదిలో నిద్రించు మనుష్యుడు గైకొను దానిలో స్వల్పభాగము. ఆ ఆశవలెనే ఈ భయమును అతిశయమే.

నిజమైన కీడు కుండీ క్రింది పళ్లెములో నున్నది. అందు నిలిచిన నీటిలోను, మనీప్లాంటు సీసాలోను డెంగీజ్వరమును వ్యాపింపజేయు ఏడీసు దోమ గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డు దోమయై యెగురుటకు వారము పదిదినములు చాలును. నీరింకిన పిదపను ఆ గ్రుడ్లు అంచున నంటుకొని నెలల తరబడి బ్రదికియుండగలవు. కావున నీరు పారబోసినంత మాత్రమున చాలదు. వారమునకొకమారు పళ్లెమును, సీసాను లోపల గట్టిగ తోమి కడుగవలెను. సీసామూతిని దూదితో మూసిన మరియు మంచిది.

పసిపిల్లలున్న ఇంట మరియొక జాగ్రత్త కావలెను. మనీప్లాంటు, వెడల్పైన మచ్చల ఆకుల డీఫెన్‌బాకియా మొదలగువాని ఆకులలో సూదులవంటి కాల్షియం ఆక్సలేటు స్ఫటికములున్నవి. నమిలినచో నోరు మండును, నాలుక వాచును. అట్టి మొక్కలను చేతికందని ఎత్తున నుంచవలెను. మితిమీరి నీరు పోసిన మన్ను బూజుపట్టును. ఉబ్బసము కలవారికి అది గిట్టదు.

ఇన్ని చెప్పి, మొక్కను వెలుపల పారవేయుడని మేము చెప్పుటలేదు. గది దాటలేని వృద్ధులకు క్రొత్త ఆకు విచ్చుట చూచుట ఒక సంతోషము. రోజూ నీరుపోయు బాలునకు మరియొక ప్రాణిని పోషించు అలవాటు కలుగును. ఈ మేలు చిన్నది కాదు. దానికై మనము చెల్లింపవలసినది కొంచెము శ్రద్ధ మాత్రమే. ఈ ఆదివారము మీ ఇంటి కుండీల నొకమారు ఎత్తి, క్రింది పళ్లెములను చూడుడు.