మౌస్ పట్టించండి, చేయి వదలండి!

బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలు ఎదుగుతున్నకొద్దీ తల్లికి ఒకటే బెంగ. "మా తర్వాత వీడి సంగతేమిటి?" అని. అందుకే స్నానం, బట్టలు, భోజనం తనంతట తాను చేసుకోవడం ఓపిగ్గా నేర్పుతాం. కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "అది వీడి వల్ల ఏమవుతుందిలే" అని ఊరుకుంటాం. కాస్త ఓర్పు పడితే చాలామంది పిల్లలు మౌస్ వాడకం నేర్చుకోగలరు.

"అందరి చేతుల్లో సెల్‌ఫోన్లుండగా మౌస్ ఎందుకండీ?" అంటారేమో. ఆఫీసుల్లో, షాపుల్లో, లైబ్రరీల్లో పని చేయాలంటే ఇప్పటికీ మౌస్‌తో అవసరం పడుతూనే ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వోద్యోగాల్లో కల్పించిన 4 శాతం రిజర్వేషన్లో మేధో వైకల్యం ఉన్నవారికీ చోటుంది. చేతిలో ఏదో ఒక పని ఉంటేనే కదా ఆ చోటు అక్కరకొచ్చేది!

ఎందుకు కష్టం?

ఫోనులో బొమ్మ ఎక్కడుంటే వేలు అక్కడే పెడతాం. మౌస్ అలా కాదు. చేయి బల్ల మీద, బాణం గుర్తు తెర మీద. చేయి ముందుకు తోస్తే బాణం పైకి పోతుంది. చూపేమో తెర మీదే ఉండాలి. బొమ్మ మీదకు రాగానే ఆపి, మౌస్ కదలకుండా వేలు మాత్రం నొక్కాలి. మనకు ఒక్క పనిలా కనిపించేదాంట్లో ఇన్ని పనులున్నాయి!

ముందు కంప్యూటర్ని మార్చండి

పిల్లల్ని విసుక్కునే ముందు సెట్టింగుల్లోకి వెళ్లి బాణం వేగం తగ్గించండి. బాణాన్ని పెద్దది చేయండి. రెండుసార్లు గబగబా నొక్కడం రాకపోతే ఒక్క నొక్కుకే తెరుచుకునేలా మార్చుకోవచ్చు. ఎడమచేతి వాటమైతే బటన్లు అటూ ఇటూ మార్చండి. నొక్కాల్సిన బటన్ మీద ఓ రంగు బొట్టుబిళ్ల అంటించండి. పాదాలు నేలకు ఆనాలి, మోచేయి బల్లకు ఆనాలి. మౌస్ బొత్తిగా పట్టలేకపోతే, ఉన్నచోటే ఉండి పైన బంతి మాత్రం తిరిగే ట్రాక్‌బాల్ దొరుకుతుంది. చూపు సరిగా ఉందో లేదో డాక్టరుకు చూపించడం మరవకండి.

ఒక్కో మెట్టూ ఎక్కిద్దాం

మొదట కదపడం మాత్రమే. అది వచ్చాక నొక్కడం. ఆ తర్వాతే రెండుసార్లు నొక్కడం, నొక్కిపట్టి లాగడం. జీకాంప్రి అనే ఉచిత ప్రోగ్రాంలో ఈ వరసలోనే ఆటలున్నాయి. మొదటి రకంలో బాణం తగిలితే చాలు, మూతలు చెరిగిపోయి కింద బొమ్మ కనిపిస్తుంది. లాగడానికి పేకముక్కల సాలిటేర్ మంచిది. 1990లో విండోస్ 3.0తో వచ్చిన ఆ ఆటతోనే ఎంతోమంది పెద్దలకూ ముక్క లాగడం అలవాటైంది.

పలక మీద అక్షరాలు దిద్దించినట్లే ముందు వాళ్ల చేతి మీద మన చేయి వేయాలి. కొన్నాళ్లకు మణికట్టు, ఆపైన మోచేయి మాత్రం పట్టుకోవాలి. తర్వాత నోటిమాట. చివరికి అదీ మానేయాలి. రోజుకు పది, పదిహేను నిమిషాలు చాలు. సరిగా చేసిన వెంటనే "భేష్" అనండి. తప్పితే "కాదు, కాదు" అని గద్దించకుండా మళ్లీ చేసి చూపండి.

ఇంకో సంగతి. పదిహేనేళ్ల పిల్లకు పసిపిల్లల బొమ్మలెక్కువైతే చిన్నతనంగా ఉంటుంది. మా ఆడపడుచు కూతురికి పదహారేళ్లు. ఏనుగు బొమ్మలు పెడితే మొహం తిప్పుకునేది. ఇంట్లోవాళ్ల ఫొటోలు, సినిమా పాటలు పెట్టాక కుర్చీ దిగలేదు. ఏ పాట కావాలో ఇప్పుడు ఎవరినీ అడగదు. తనే నొక్కుతుంది. అంతవరకూ మేం పెట్టిందే వినేది మరి!

అందరికీ ఒకే తీరుగా రాదు. ఒకరికి నెల పడితే మరొకరికి ఏడాది పట్టొచ్చు. సందేహముంటే స్పెషల్ టీచర్ని అడగండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఇలాంటి పిల్లల కోసం జాతీయ సంస్థ ఉంది. అక్కడా సలహా అడగవచ్చు.

పిల్లలకు పద్దెనిమిది వచ్చేదాకా ఆగకండి. ఈ సెలవుల్లోనే మొదలుపెట్టండి. వాళ్ల చేయి పట్టుకోవడం తల్లులకు కొత్త కాదు. సమయం చూసి ఆ చేయి వదలడమే మనమూ నేర్చుకోవాలి.