తొలి రైఫిల్ ఎంపిక

వెలిగండ్ల వంటి ఊరి నుంచి షూటింగ్ క్రీడలోకి రాదలిస్తే, మీరు 4.5 మి.మీ. ఎయిర్ రైఫిల్‌తో మొదలుపెట్టడం మేలు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే.

ఈ పోటీలో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు మాత్రమే. కనుక రైఫిల్ శక్తి కన్నా మీ నిలకడ ముఖ్యం. నిబంధనల ప్రకారం బరువు 5.5 కిలోల దాకా ఉండవచ్చు. అయితే మోయలేని బరువు చేతిని వణికిస్తుంది.

ధర అడిగే ముందు మూడు విషయాలు పరీక్షించండి. బట్ భుజానికి అమరిందా? మెడ వంచకుండా కన్ను సైటుకు అందుతోందా? ట్రిగ్గర్ ప్రతిసారీ ఒకేలా కదులుతోందా? ఇవి దుకాణంలో అయిదు నిమిషాల్లో తేలవు. శిక్షణ కేంద్రం రైఫిల్‌తో కొన్ని నెలలు సాధన చేశాకే ఇంటి పొదుపు తీయండి.